మూత కింద పసుపు

వేలు పెట్టి చూసింది రాజరాజేశ్వరి. కూతురి ముక్కు కింద వెచ్చటి గాలి తగిలాక గానీ ఆమెకి తన ఊపిరి ఆడలేదు.

"అమ్మా, నేను మేలుకునే ఉన్నాను" అంది నీహారిక కళ్ళు తెరవకుండానే. "రెప్ప వాలిస్తే చాలు, పోయాననుకుంటావు."

"ఛ! ఆసుపత్రిలో ఏం మాటలే అవి?"

"ఆసుపత్రిలో నువ్వు చేసే పని మాత్రం బాగుందా? నర్సులు చూసి నవ్వుతున్నారు."

పిల్ల ఉయ్యాలలో ఉన్న రోజుల్లో పట్టుకున్న అలవాటది. కాస్త ఎక్కువసేపు పడుకుంటే పోపు మాడుతున్నా వదిలేసి పరుగెత్తుకొచ్చి ముక్కు కింద వేలు పెట్టేది. ఇప్పుడా పిల్ల హైటెక్ సిటీలో ఓ కంపెనీలో టీముకి పెద్ద. అలవాటు మాత్రం పోలేదు. "అత్తయ్యగారుంటే ఇంట్లో ఆక్సిజన్ మిషను దండగ" అని అల్లుడు రవికిరణ్ నవ్వుతుంటాడు. ఆ అల్లుడు తనివ్వాల్సిన శాంపిల్ ఇచ్చేసి, ఇప్పుడు కింద రిసెప్షన్లో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

రాజరాజేశ్వరి భయపడని వస్తువు లోకంలో లేదు. లిఫ్టెక్కితే తీగ తెగుతుందేమోనని భయం. ఫోను ఆగకుండా మోగితే చెడ్డ కబురేమోనని భయం. అమలాపురం హైస్కూల్లో పదో తరగతితో ఆగిన చదువు. డాక్టర్లు ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే ప్రతి మాటా తన కూతురి గురించిన అశుభంలాగే వినిపిస్తుంది. ఇంట్లో అందరూ విని నవ్వేసే భయాలే అవన్నీ.

పోయిన నెలలో, కొండాపూర్‌లోని ఈ క్లినిక్‌లోనే, అందులో ఒకటి నిజమైంది.

అండాలు తీసే పనిని ఇక్కడ ఎగ్ పికప్ అంటారు. పొడుగాటి సూదితో తీస్తారు. నొప్పి తెలియకుండా మందు ఎక్కిస్తాం, కునుకు తీసి లేచినట్టు ఉంటుంది అని చెప్పి లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి మూసిన తలుపుల వెనక నుంచి నీహారిక కేక వినిపించింది. కానుపు గదుల ముందు కూర్చున్న మనిషే రాజరాజేశ్వరి. అయినా అలాంటి కేక ఎప్పుడూ వినలేదు. బయటికి వచ్చాక నీహారిక పెదవి చిట్లి ఉంది, పళ్ళతో కొరుక్కుని. "కొంతమందికి టెన్షన్ ఎక్కువ, మందు పట్టదు" అన్నారు క్లినిక్ వాళ్ళు. అదే వారంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకీ మందు పట్టలేదని వెయిటింగ్ హాల్లో ఆమె చెవిన పడింది. ఎవరికి చెప్పినా వినలేదు. చివరికి అల్లుడికి కూడా చెప్పకుండా ఆటో ఎక్కి, బోరబండలో డిటెక్టివ్ రంగనాథ్ ఆఫీసు మెట్లెక్కింది. ప్రొద్దుటూరులో సీఐగా చేసి రిటైరైన మనిషి. ఆమె చెప్పిందంతా విని ఒక్కసారీ నవ్వనివాడు ఆయనే. పోలీసు స్టేషన్లో ఆమె చేత కంప్లైంట్ ఇప్పించిందీ ఆయనే.

ఈ రోజు రెండోసారి. నీహారిక ఒంటికి ఇదే ఆఖరుసారి అని డాక్టర్లు ముందే చెప్పేశారు. అండాల్ని పండించే ట్రిగర్ ఇంజెక్షన్ మొన్న రాత్రే పడింది. అది పడ్డాక అండాలు ఎవరి కోసమూ ఆగవు. పదకొండుకి తీయాలి, మధ్యాహ్నం దాటితే వాటంతటవే విడిపోయి దొరక్కుండా పోతాయి.

"అమ్మా" అంది నీహారిక, చేతికి గుచ్చి ఉంచిన సూది మీద ప్లాస్టరు తడుముకుంటూ. "మళ్ళీ అలాగే అయితే నేను తట్టుకోలేను. ఆ మందు నిజమైనదేనని నీ డిటెక్టివ్ గారు చెబితేనే లోపలికి వెళ్తాను. లేకపోతే ఇంటికి పోదాం. పిల్లలు లేకపోయినా పర్లేదు."

పర్లేదు అంటూనే ముఖం అటు తిప్పేసుకుంది.

"పోయినసారి లోపల ఎవరో మాట్లాడుకున్నారని చెప్పానే" అంది మళ్ళీ. "'దీనికీ అదేనా?' అని ఒకరు అడిగారు. 'ఊఁ' అని ఇంకొకరు అన్నారు. రాత్రంతా అదే వినిపిస్తోంది. ఇందాక సౌజన్యక్కకీ చెప్పాను, కాస్త ధైర్యం చెబుతుందని."

ఆ పేరు అనగానే తెర పక్కకి జరిగి సౌజన్య వచ్చింది. ఆమె ఇక్కడ కౌన్సెలర్. లోపలికి వెళ్ళే ఆడవాళ్ళ వెంట ఉండి ధైర్యం చెప్పడం ఆమె పని. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో తడిపిన పసుపు, తెల్లటి దారం, ఒక పసుపు కొమ్ము.

"గొలుసు తీసి అమ్మకి ఇచ్చేసెయ్ నీహారికా. ఓటీలోకి ఏ లోహమూ పోకూడదు. మా డాక్టర్లు కూడా కమ్మలు తీసే వెళ్తారు." తర్వాత రాజరాజేశ్వరి ముఖం చూసి నవ్వింది. "కంగారుపడకండి ఆంటీ. మెడ బోసిగా పంపనుగా."

దారానికి పసుపు పట్టించి, కొమ్ము కట్టి, నీహారిక మెడలో ముడేసింది. ఈ క్లినిక్‌లో పెళ్ళయిన ప్రతి అమ్మాయికీ ఆమే కడుతుంది. తాళి తీయడానికి ఏడ్చే అత్తల్నీ అమ్మల్నీ ఊరుకోబెట్టడానికి ఆమె తెచ్చిన పద్ధతే అది. ఆమె వేళ్ళు గోళ్ళ దాకా పచ్చగా ఉంటాయి ఎప్పుడూ.

"నీ కడుపు చల్లగుండ తల్లీ" అంటూ రాజరాజేశ్వరి ఆ కొమ్ముని ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

సౌజన్య నవ్వు ఒక్క క్షణం ఆగింది. "నాకా అదృష్టం లేదులెండి ఆంటీ. నేనూ ఇదే మంచం మీద పడుకున్నదాన్నే" అని, చిన్న మాత్ర తీసి నీహారిక చేతిలో పెట్టింది. "గుండె దడ తగ్గడానికి. ఒక్క గుక్క నీళ్ళతో వేసుకో."

తలుపు బయట నుంచి దగ్గు వినిపించింది. మగవాళ్ళని ఈ గదిలోకి రానివ్వరు. "అమ్మా, ఓసారి బయటికి రాండి" అన్నాడు రంగనాథ్. "మీ పోలీసాయన కేసు తేల్చేసినాడంట."

* * *

కారిడార్లో ఎస్సై నవీన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన బెంచీ మీద, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య, తల దించుకుని ఓటీ టెక్నీషియన్ ఓబులేసు.

"ఏంది పెద్దసార్, పొద్దుగాల్నే దిగిండ్రు?" అన్నాడు నవీన్. "ఇగ మీరు ఫికర్ చేయకుండ్రి. దొంగ దొరికిండు. వీని లాకర్ల ఆరు ఖాళీ సీసలు దొరికినయ్. నొప్పి మందు గుంజి ఉప్పునీళ్ళు నింపుతుండు. కేసు ఖతం."

"దొరికినేది సీసాలప్పా, దొంగ కాదు" అన్నాడు రంగనాథ్.

"మీ దిక్కు మనిషని సపోర్ట్ చేస్తున్నరా?"

"మా దిక్కోడైతే ఇంకో రెండు దెబ్బలు ఎక్కువేసేవాణ్ణి." రంగనాథ్ ఓబులేసు ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏం నాయనా, మందుల బీరువా తాళం నీ దగ్గరేనా?"

"ఒకటే సార్. రెండు తాళాలు పడితేనే తెరుచుకుంటాది. రెండోది మత్తు డాక్టరమ్మ దగ్గర."

"నీది యాడ పెడతావు?"

"లాకర్లో."

"లాకరుకి తాళం?"

ఓబులేసు ఏడుపు మొహం పెట్టాడు. "గొళ్ళెమే సార్. తాళం పోయి సంవత్సరమాయె. అడిగితే కొనిపెడతామంటారు, కొనరు."

"అంటే నీ తాళం చెవి ఎవరైనా తీసుకోవచ్చు. ఆ ఖాళీ సీసాలు కూడా ఎవరైనా పెట్టొచ్చు." రంగనాథ్ లేచాడు. "దొంగ మందు వాడుకుంటాడు గానీ, ఖాళీ సీసాలు దాచిపెట్టుకుని పూజ చేసుకుంటాడా ఎస్సై గారూ?"

నవీన్ మొహం ఎర్రబడింది. "సార్, మీరు రిటైర్డ్. ఈడ మీకు పవర్ లేదు. జర యాద్ పెట్టుకోండ్రి."

"నాకు లేదులే. ఈమెకుంది." రంగనాథ్ రాజరాజేశ్వరిని చూపించాడు. "లోపల పడుకున్నది ఈమె బిడ్డ. ఆ బీరువాలో మందే ఇంకాసేపట్లో ఆ పిల్ల ఒంట్లోకి పోతాది. చూస్తామంటే వద్దంటావా? అనేసి, మళ్ళా కేక వినిపిస్తే ఏం చెబుతావు?"

రాజరాజేశ్వరి చేతులు జోడించింది. పోలీసు ముందు ఇంతసేపు నిలబడడం ఆమెకి ఇదే మొదలు. "బాబూ, ఒక్కసారి చూడనివ్వండి బాబూ" అంది. "ఏమీ లేకపోతే మీకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాం."

నవీన్ చూపు తిప్పుకుని, "ఐదు నిమిషాలు" అన్నాడు.

* * *

ఓటీని ఆనుకుని ఉన్న చిన్న గదిలో గోడకి ఇనప బీరువా. మత్తు డాక్టరు ప్రవళిక అప్పటికే వచ్చి ఉంది. తెల్లకోటు మెడ దాకా గుండీలు పెట్టుకున్న, చల్లటి గొంతు మనిషి. నవీన్ దగ్గర ఓబులేసు తాళం చెవి తీసుకుని, కోటు లోపల చేయి పెట్టి తన తాళం చెవి కూడా తీసి, అటు తిరిగి తెరిచింది.

"ఆ చెవి ఎప్పుడూ మీ దగ్గరే ఉంటాదా డాక్టరమ్మా?" అడిగాడు రంగనాథ్.

"ఎప్పుడూ. కాకపోతే ఓటీలోకి వెళ్ళేముందు తీసి ఈ డ్రాయర్లో పెడతాను. మెటల్ ఏదీ లోపలికి రాకూడదు కదా. రూల్ మాకూ ఒకటే."

"అంటే మీరు లోపల పనిలో ఉన్నంతసేపూ అది బయట డ్రాయర్లో."

"అవును. ఎవరైనా తీసుంటే అప్పుడే తీసుండాలి."

రంగనాథ్ తలూపాడు. సీల్ విప్పనట్టే కనిపిస్తున్న పెట్టెలోంచి ఫెంటనిల్ అనే ఆ నొప్పి మందు సీసా ఒకటి తీశాడు. బొటనవేలంత సీసా, పైన ప్లాస్టిక్ మూత. వెలుతురుకి పట్టి చూశాడు. మూత అంచుని గోటితో గీకాడు. సన్నటి పొరలా ఏదో లేచింది.

"జిగురు" అన్నాడు. "ఫ్యాక్టరీలో మూతకి జిగురు పూయరప్పా."

మూత ఊడదీశాడు. కింద బూడిదరంగు రబ్బరు. దాని మధ్యలో సూదిపోటంత చుక్క. చుక్క పక్కనే వేలు ఆనినట్టు ఒక పచ్చటి మరక.

రాజరాజేశ్వరి ఆ చుక్కనే చూసింది. అయితే నిజమే. తన బిడ్డకి ఎక్కించింది ఉప్పునీళ్ళే. అంత నొప్పీ ఉత్తి నీళ్ళ మీద భరించింది.

"మూత దీసిండు, సూదితోటి గుంజిండు, మళ్ళ అంటించిండు" అన్నాడు నవీన్, తనకి ముందే తెలిసినట్టు. "నేన్ జెప్పింది గదే. ఈ మరక బీటాడిన్. ఓటీల పనిజేసేటోని చేతికి బీటాడిన్ కాక ఇంకేముంటది? ఓబులేసు ఫిక్స్."

"బీటాడినేనా?"

"చిన్నపిల్లగాడు కూడా చెప్తడు సార్."

రంగనాథ్ జేబులోంచి చిన్న ట్యూబు తీశాడు. ఆకు వక్క నమిలే మనిషి, సున్నం లేకుండా ఇల్లు కదలడు. బల్ల మీదున్న బీటాడిన్ దూదికి రవ్వంత సున్నం రాశాడు. దూది రంగు వెలిసిపోయింది. తర్వాత అగ్గిపుల్ల చివరతో ఇంకాస్త సున్నం తీసి రబ్బరు మీది మరకకి తాకించాడు.

మరక ఎర్రగా మారింది. రక్తంలాంటి ఎరుపు.

"పారాణి!" అంది రాజరాజేశ్వరి, తనకి తెలియకుండానే. దిష్టి తీయడానికి ఇంట్లో ఎన్నిసార్లు పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసిందో లెక్కలేదు.

"పసుపమ్మా" అన్నాడు రంగనాథ్. "బీటాడిన్ ఎర్రగా పండదు."

నవీన్ చూపు మెల్లగా తిరిగి రాజరాజేశ్వరి చేతుల మీద ఆగింది.

"పసుపే అయితే" అన్నాడు, "గీ ఆంటీ వేళ్ళు చూడుండ్రి."

చూసుకుంది. కుడిచేతి వేళ్ళ చివర్లు పచ్చగా ఉన్నాయి. చీర కొంగులో దాచుకోబోయి, దాచుకుంటే ఇంకా అనుమానిస్తారని భయపడి, గాలిలోనే ఆపేసింది.

"కంప్లైంట్ ఇచ్చింది మీరే, పసుపు మీ చేతికే" అన్నాడు నవీన్. "క్లినిక్ మీద కేసేసి పైసలు గుంజుదామని గిట్ల ప్లాన్ చేసిండ్రా?"

"అయ్యో బాబూ! నా తల్లి మీద ఒట్టు బాబూ..."

"రెండు తాళాల బీరువాలోకి ఈమె ఎట్టా పోయిందో చెప్పి తర్వాత అరెస్టు చేసుకో" అన్నాడు రంగనాథ్. ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, భయపడొద్దు. ఒక్క మాట చెప్పండి. ఆస్పత్రికి పొద్దున్నే స్నానం చేసి వచ్చింటారు. ఆ పసుపు మీకు యాడ అంటుకున్నాది?"

"ఇక్కడేనండీ. అమ్మాయి మెడలో దారం కట్టారు కదా, దాన్ని కళ్ళకద్దుకున్నాను..." మాట మధ్యలో ఆగిపోయింది. గోళ్ళ దాకా పచ్చటి వేళ్ళు కళ్ళముందు కదిలాయి. కడుపు చల్లగుండ అని తను దీవించిన వేళ్ళు. మగవాళ్ళని రానివ్వని గదిలో జరిగే ముచ్చట. ఆ పళ్ళెం సంగతి ఈ మగవాళ్ళిద్దరికీ తెలియదు. "సౌజన్యండీ. కౌన్సెలర్. అందరికీ ఆవిడే కడుతుంది. రోజూ."

"పోయిన నెల కూడా?"

"పోయిన నెల కూడా." ఆమె తలుపు వైపు తిరిగింది. "అమ్మాయి ఆవిడకి చెప్పేసిందండీ. లోపల మాటలు విన్నానని. ఇందాకే చెప్పేసింది. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఆవిడే ఉంది."

ఎవరేమన్నారో ఆమె వినలేదు. లిఫ్టు అంటేనే వణికే మనిషి, నున్నటి టైల్స్ మీద చెప్పులు వదిలేసి పరుగెత్తింది.

* * *

తెర పక్కకి లాగేసరికి సౌజన్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నీహారిక జుట్టు నిమురుతోంది.

"ష్..." అంది, నోటి మీద పచ్చటి వేలు పెట్టి. "నిద్రపోయింది ఆంటీ. లేపకండి. పాపం, చాలా భయపడింది."

నీహారిక ముఖం ప్రశాంతంగా ఉంది. నెల రోజులుగా కనిపించని ప్రశాంతత. చూసిన ఎవరికైనా మాత్ర పనిచేసి కునుకు పట్టిందనే అనిపిస్తుంది. మామూలు తల్లి అయితే దుప్పటి కప్పి పక్కన కూర్చునేది.

రాజరాజేశ్వరి ముక్కు కింద వేలు పెట్టింది.

ఏమీ తగల్లేదు.

వేలు ఇంకా దగ్గరికి జరిపింది. ఏమీ లేదు. పెదవుల రంగు చూసింది. నేరేడు పండు తిన్నట్టున్నాయి. చేతికున్న సూది మూత మీద పచ్చటి వేలిముద్ర.

"ఊపిరి లేదు! నా పిల్లకి ఊపిరి లేదండీ!"

ఆ తర్వాత అన్నీ ఒకదాని మీద ఒకటి జరిగాయి. ప్రవళిక వచ్చి నీహారిక గడ్డం పైకెత్తి, నోటి మీద రబ్బరు సంచి పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. నర్సు విరుగుడు మందు తెచ్చింది. రంగనాథ్ అడ్డొచ్చి ఆ గాజు సీసాని లైటుకి పట్టి చూశాడు. "ఇది మెడ విరిచి తీసేది. పగలలేదు. ఇవ్వండి" అన్నాడు. నవీన్ సౌజన్య మణికట్టు పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. స్టూలు కింద సిరంజి దొరికింది.

రాజరాజేశ్వరి వేలు తీయలేదు. ఎవరో పక్కకి లాగబోయినా కదల్లేదు. ఊరి దేవుళ్ళందరినీ తలుచుకుంటూ, వేలి చివర ఉన్న ఆ రవ్వంత చోటునే చూస్తూ నిలబడింది.

చాలాసేపటికి వేలికి వెచ్చగా తగిలింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

నీహారిక పెద్దగా గాలి పీల్చి కళ్ళు తెరిచింది. "అమ్మా" అంది. "వేలు తియ్యి. గిలిగింతలు."

రాజరాజేశ్వరి మంచం కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

"నొప్పి మందు అసలుదే ఇచ్చినవ్ గదా ఈసారి?" నవీన్ సౌజన్యని నిలదీశాడు. "మొత్తం ఒక్కపాలి ఎక్కించినవ్. చంపుదామనే గదా?"

"భయం పోవడానికి అన్నారు" అంది సౌజన్య నెమ్మదిగా. "నాకూ అలాగే మొదలైంది. పిల్లలు పుట్టరని తేలిన రోజు. ఆ మందు పడితే ఏ బాధా ఉండదు."

"అన్నారా? ఎవరు అన్నారు?" రంగనాథ్ ముందుకొచ్చాడు.

సౌజన్య మంచం వైపు చూసింది. అక్కడ నీహారిక, నీహారిక మీదకి వంగి ప్రవళిక. ఆ చూపులో భయం ఉంది. తను చేసిన పని చూసుకుని భయపడుతోంది కాబోలు అనుకుంది రాజరాజేశ్వరి. నవీన్ ఆమెని కిందికి తీసుకెళ్ళాడు. గుమ్మం దాటుతూ ఒక్కసారి ఆగి, "మీ సున్నానికి సలాం సార్" అన్నాడు, రంగనాథ్ మొహం చూడకుండా.

* * *

గడియారం పదకొండు దాటింది.

"ఈ పొద్దుకి వద్దమ్మా" అన్నాడు రంగనాథ్, తలుపు బయట నుంచే. "పాప రెండు గొంతులు విన్నాది. ఒకటే దొరికినాది."

"ఈ రోజు కాకపోతే ఇంక లేదు" అంది ప్రవళిక. "ఇప్పుడు పల్స్, ఆక్సిజన్ అన్నీ నార్మల్. విరుగుడు ఇచ్చాం కాబట్టి ఆ రకం నొప్పి మందు కాసేపు పనిచేయదు. వేరే మత్తు ఇస్తాను, పూర్తిగా నిద్రపోతుంది. ఊపిరి సంగతి నేను చూసుకుంటాను. అండాలు తీసే పెద్ద డాక్టరు గారు లోపల రెడీగా ఉన్నారు. డెసిషన్ మీదే."

వద్దు అందామని రాజరాజేశ్వరి నోరు తెరిచింది. ఇంటికి పోదాం, నువ్వు ఉంటే చాలు. నీహారిక ఆమె చేయి పట్టుకుంది.

"నెల రోజులు కడుపు నిండా సూదులు పొడిపించుకున్నానమ్మా. మళ్ళీ నా వల్ల కాదు. లోపల ఉన్నవి ఉన్నాయి కదా, వాటిని వదిలేసి ఎలా వెళ్ళను?" తల్లి చూపుడు వేలిని తడిమింది. "నువ్వు నా తల దగ్గర నిలబడతావా? ముక్కు కింద వేలు పెట్టుకునే నిలబడు. ఏమీ అనను."

పెద్ద డాక్టరు ఒప్పుకుంది. రాజరాజేశ్వరి మంగళసూత్రం, గాజులు, చెవి దుద్దులు, కాలి మెట్టెలు అన్నీ ఒలిచి మూటగట్టి అల్లుడి చేతికి పంపించింది. ఆకుపచ్చ గౌను తొడిగారు. తలుపు దగ్గర రంగనాథ్ ఆపాడు.

"మొహాలు చూడొద్దమ్మా, మాస్కుల్లో ఏమీ తెలియవు. చేతులు చూడండి. ఏ చిన్న తేడా కనిపించినా నా పేరు పెట్టి అరవండి. ఇక్కడే ఉంటా."

లోపల చలి. తెల్లటి లైట్ల కింద నీహారిక పడుకుని పైకి చూస్తోంది. మెడలో పసుపు దారం అలాగే ఉంది. రాజరాజేశ్వరి తల దగ్గర నిలబడి వేలు పెట్టింది. వెచ్చగా తగులుతోంది. అటు చివర పెద్ద డాక్టరు తలవంచుకుని సూది సిద్ధం చేసుకుంటోంది.

ప్రవళిక తెల్లకోటు విప్పేసి ఆకుపచ్చ బట్టల్లో వచ్చింది. పాలలాంటి తెల్లటి మందు సిరంజిలోకి ఎక్కించింది. "నీహారికా, మంచి సంగతేదైనా తలుచుకో" అంటూ చేతి సూది వైపు వంగింది.

వంగినప్పుడు ఆమె మెడలోంచి ఏదో జారి బయటికి వేలాడింది. తెల్లటి తాడు. తాడు చివర ఇత్తడి తాళం చెవి.

బీరువా తాళం చెవి.

లోపలికి వచ్చేముందు తీసి డ్రాయర్లో పెడతానంది కదా. రూల్ మాకూ ఒకటే అంది కదా. తను మంగళసూత్రం తీసి వచ్చిన ఈ గదిలో, ఈవిడ మెడలో ఆ లోహం ఎందుకుంది? ఎప్పుడూ తీయని మనిషి కాబట్టే ఉంది. ఎప్పుడూ తీయని చెవిని డ్రాయర్లోంచి ఎవరూ దొంగిలించలేరు. ఆమె చేత్తో ఆమే ఇవ్వాలి.

లైటు సరిగ్గా తాడు మీద పడుతోంది. ముడి దగ్గర, తడి వేళ్ళతో పట్టుకున్నంత మేర, తాడు పచ్చగా ఉంది.

ఇందాక సౌజన్య భయంతో చూసింది నీహారికని కాదు, ఈవిడని.

రాజరాజేశ్వరి ఎడమ అరచేయి దానంతటదే కదిలి కూతురి చేతి సూదిని గట్టిగా కప్పేసింది.

"ఏంటమ్మా ఇది? చెయ్యి తీయండి. టైం లేదు."

రాజరాజేశ్వరి జన్మలో ఏ డాక్టరుకీ ఎదురు చెప్పింది లేదు. చెయ్యి మాత్రం లేవలేదు.

"మీ మెడలో అదేంటండి, డాక్టరుగారూ?"

పెద్ద డాక్టరు తలెత్తి చూసింది. మాస్కు పైన ప్రవళిక కళ్ళు ఒక్కసారి కిందికి, తాళం చెవి వైపు దిగాయి.

"రంగనాథ్ గారూ!" అరిచింది రాజరాజేశ్వరి. "రంగనాథ్ గారూ!"

ప్రవళిక ఒక చేయి మెడ దగ్గరికి వెళ్ళింది. సిరంజి ఉన్న చేయి మాత్రం వెనక్కి తగ్గలేదు.